బీడీలు చేసే అమ్మమ్మ ఎమ్మెల్యేగా నిలబడాలంటే: ప్రతిపాదకుల నుంచి ఖర్చుల లెక్క దాకా

ప్రశ్న క్లుప్తంగా ఇది: ‘మాది ఆర్మూర్ దగ్గర పల్లె. అమ్మమ్మకు 63 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ బీడీలు చేసింది. ఐదో తరగతి దాకా చదివింది, సంతకం పెడుతుంది. ఐదుగురు పిల్లలు, ఎనిమిది మంది మనవలు. యూనియన్లో తిరిగేది, ధర్నా కేసులు రెండున్నాయి. బీడీ పెన్షన్ వస్తోంది. వచ్చే అసెంబ్లీ ఎన్నికల్లో ఇండిపెండెంట్‌గా నిలబడతానంటోంది. ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. నిజంగా కుదిరే పనేనా? ఎంతవుతుంది? ఎక్కడ మొదలుపెట్టాలి?’

కుదిరే పనే. ముందు ఇంట్లోవాళ్లను నవ్వడం ఆపమనండి. నేను రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎన్నికలొచ్చినప్పుడల్లా నామినేషన్ల బల్ల దగ్గర కూర్చోవడం మా ఉద్యోగంలో భాగం. ఆ బల్ల ఇవతల కూర్చుని గమనించిందేమిటంటే, పేద అభ్యర్థి ఓడిపోయేది ఓట్ల దగ్గర కాదు, అంతకంటే ముందే కాగితాల దగ్గర. పెద్ద పార్టీ అభ్యర్థి వెనక ఇద్దరు లాయర్లు, ఒక ఆడిటర్ వస్తారు. కూలి చేసుకునే మనిషి వెనక మనవరాలు వస్తుంది. కాబట్టి ఈ సమాధానంలో కాగితాల సంగతే ఎక్కువ చెప్తాను. ఓట్ల సంగతి చివర్లో, ఉన్నదున్నట్టు చెప్తాను.

అర్హతల్లో పెద్ద చిక్కేమీ లేదు. భారత పౌరురాలై, 25 ఏళ్లు నిండి, రాష్ట్రంలో ఏదో ఒక అసెంబ్లీ నియోజకవర్గంలో ఓటరుగా ఉంటే చాలు. పై వయసుకు పరిమితి లేదు. చదువు ఇంత ఉండాలని ఎక్కడా లేదు. ‘ఐదుగురు పిల్లలున్నారు, పనికిరాదు’ అని మీ మామయ్య అన్నాడని రాశారు. ఆయన చెప్పేది 1994 పంచాయతీరాజ్ చట్టంలో పెట్టిన ఇద్దరు పిల్లల నిబంధన. అది స్థానిక సంస్థలకు సంబంధించింది, పైగా 1995 మే తర్వాత పుట్టిన పిల్లలనే లెక్కలోకి తీసుకునేది. ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని 2024లో ఎత్తేశారు కూడా. అసెంబ్లీకి అలాంటి నిబంధన ఎప్పుడూ లేదు. సర్పంచికి అడ్డొచ్చిన సంతానం ఎమ్మెల్యేకి అడ్డురాకపోవడం విడ్డూరమే, కానీ చట్టం అలాగే ఉంది.

బీడీ పెన్షన్, పీఎఫ్ పెన్షన్ తీసుకోవడం తప్పు కాదు. అవి పోటీకి అడ్డొచ్చే ‘లాభదాయక పదవి’ కిందికి రావు. మహిళా సంఘం లీడర్‌గా ఉన్నా ఇబ్బంది లేదు. కానీ ప్రభుత్వం నుంచి నెలనెలా గౌరవ వేతనం తీసుకునే పని ఏదైనా ఇప్పుడు చేస్తుంటే, అది లాభదాయక పదవా కాదా అని తర్కించుకుంటూ కూర్చోవద్దు. రాజీనామా ఇచ్చి, ఆమోదించినట్టు కాగితం చేతికి తీసుకోండి. అర్హతను నామినేషన్ల పరిశీలన, అంటే స్క్రూటినీ జరిగే రోజు నాటికి చూస్తారు. రాజీనామా ఇచ్చాను, ఇంకా ఆమోదించలేదు అంటే ఆ రోజు వినేవాళ్లుండరు. ప్రభుత్వంతో కాంట్రాక్టు పనులేమైనా ఆవిడ పేరు మీద నడుస్తున్నా అంతే.

వయసు గురించి ఇంకెవరైనా అంటే కేరళ వి.ఎస్. అచ్యుతానందన్ పేరు చెప్పండి. చదువు ఏడో తరగతితో ఆగింది. అన్న దర్జీ దుకాణంలో, తర్వాత కొబ్బరి పీచు ఫ్యాక్టరీలో పనిచేశారు. 82 ఏళ్ల వయసులో, 2006లో ముఖ్యమంత్రి అయ్యారు. 2016లో 92 ఏళ్లకు మలంపుళ నుంచి మళ్లీ గెలిచారు. అయితే ఆయన వెనక పార్టీ ఉంది, దశాబ్దాల యూనియన్ పని ఉంది. అది మరిచిపోకూడదు.

ధర్నా కేసుల సంగతి. కేసు ఉన్నంత మాత్రాన అనర్హత రాదు. రెండేళ్లు, ఆపైన శిక్ష పడితే శిక్షాకాలంతో పాటు విడుదలయ్యాక మరో ఆరేళ్లు పోటీ చేయకూడదు. కొన్ని ప్రత్యేక నేరాలకు ఇంకా తక్కువ శిక్ష పడినా అనర్హతే. మీరు చెప్పినవి రాస్తారోకో కేసులు, ఇంకా నడుస్తున్నాయంటున్నారు. అడ్డం కాదు. కానీ దాచకూడదు. ఎఫ్ఐఆర్ నంబరు, పోలీస్ స్టేషన్, సెక్షన్లు, ఏ కోర్టులో ఏ దశలో ఉంది, అన్నీ నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్‌లో, అంటే ప్రమాణపత్రంలో రాయాలి. ధర్నాలో పేరు రాసుకున్న సంగతి చాలామందికి గుర్తే ఉండదు, సమన్లు వచ్చినప్పుడే తెలుస్తుంది. అందుకే ముందే స్టేషన్‌లో రాతపూర్వకంగా అడగండి, ఈ-కోర్ట్స్ సైట్‌లో పేరు కొట్టి చూడండి. 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత కేసులున్న అభ్యర్థి ఆ వివరాలను పేపర్లలో, టీవీలో మూడుసార్లు ప్రకటించాలి. ఆ ప్రకటనల డబ్బు అభ్యర్థే పెట్టుకోవాలి, అది ఎన్నికల ఖర్చులో కలుస్తుంది. బీడీ రేటు పెంచమని రోడ్డు మీద కూర్చున్నందుకు పెట్టిన కేసైనా, మర్డర్ కేసైనా ఆ పద్ధతి ఒకటే. నాకది న్యాయమనిపించదు, కానీ చేయక తప్పదు.

ఇక ప్రతిపాదకులు, అంటే అభ్యర్థి పేరు ప్రతిపాదిస్తూ నామినేషన్ మీద సంతకం పెట్టే ఓటర్లు. అసలు కష్టం ఇక్కడుంది.

గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు. ఇండిపెండెంట్‌కు పదిమంది కావాలి. ఈ నిబంధన రావడంలో మన నల్గొండకూ పాత్ర ఉంది. 1996లో ఫ్లోరైడ్ నీళ్ల సమస్య దేశానికి తెలియాలని నల్గొండ లోక్‌సభకు జనం గుంపులుగా నామినేషన్లు వేశారు. చివరికి 480 మంది బరిలో మిగిలారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయ్యింది, పోలింగ్ వాయిదా పడింది. అదే ఏడాది తమిళనాడులో మొడకురిచ్చి అసెంబ్లీకి 1,033 మంది నిలబడ్డారు. ఆ దెబ్బతో అదే సంవత్సరం చట్టం మార్చారు. అసెంబ్లీ డిపాజిట్ 250 రూపాయల నుంచి 5,000 అయ్యింది, ఇండిపెండెంట్లకు పదిమంది ప్రతిపాదకులు వచ్చారు. ఆ నల్గొండ ఎన్నికలో గెలిచింది ఎవరనుకున్నారు? గీత కార్మికుల నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం. అప్పటికాయనకు 74 ఏళ్లు.

పదిమందిని పట్టుకురావడం మీ అమ్మమ్మకు కష్టం కాదు, బీడీలు చేసే వాడకట్టులో అరగంట పని. కానీ ఆ పదిమందీ ఆవిడ పోటీ చేసే నియోజకవర్గంలోనే ఓటర్లయి ఉండాలి. ఆర్మూర్, బాల్కొండ పక్కపక్కనే ఉంటాయి. మండలం ఒకటి అనుకుని, కార్ఖానా ఒకటి అనుకుని అవతలి నియోజకవర్గం మనిషి చేత సంతకం పెట్టించారనుకోండి, పదిమందిలో ఒకరు చెల్లకపోతే మిగిలింది తొమ్మిదిమందే. నామినేషన్ పోయినట్టే. ప్రతి ఒక్కరి పేరు పక్కన ఓటరు జాబితాలోని పార్ట్ నంబరు, సీరియల్ నంబరు వేయాలి. ఓటరు కార్డు మీద ఉండే నంబరు కాదు, జాబితాలో ఉండేది. అదీ తాజా జాబితా. పాత జాబితాలోని సీరియల్ నంబర్లు వేసుకొచ్చినవాళ్లను చాలామందిని చూశాం.

వేలిముద్రల సంగతి ఇంకా ముఖ్యం. సంతకం వచ్చినవాళ్లు ఇంట్లో కూర్చుని పెట్టినా చెల్లుతుంది. సంతకం రానివాళ్ల వేలిముద్ర మాత్రం ఇంట్లో వేస్తే చెల్లదు. నామినేషన్లు తీసుకునే రిటర్నింగ్ అధికారి (ఆర్వో) ఎదుటగానీ, ఎన్నికల సంఘం అధికారమిచ్చిన సబ్ డివిజనల్ స్థాయి అధికారి ఎదుటగానీ వేయాలి. ఆ అధికారి మనిషిని గుర్తించి, కింద ధ్రువీకరించాలి. ‘నా ఎదుట వేసింది’ అని మీరు సాక్షి సంతకం పెట్టినా పనికిరాదు. బీడీలు చేసే చేతులకు వేలి గీతలు అరిగిపోయి పెన్షన్ దగ్గర మిషన్ పట్టకపోవడం మీ ఇంట్లో చూసే ఉంటారు. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు. గీతలు పడ్డాయా లేదా అని ఎవరూ చూడరు, అధికారి ఎదుట వేసిందా లేదా అన్నదే లెక్క. ఆర్వో గదిలోకి అభ్యర్థితో కలిపి ఐదుగురినే రానిస్తారు. వేలిముద్ర వేసేవాళ్లు నలుగురైదుగురు ఉంటే చివరి రోజు మధ్యాహ్నం రెండున్నరకు వెళ్లొద్దు. మూడు దాటితే తీసుకోరు. మొదటి రెండు రోజుల్లో ఉదయం 11 గంటలకే వెళ్లండి, జనం ఉండరు, అధికారి కూడా ఓపికగా చూస్తాడు. వీలైతే సంతకం వచ్చిన పదిమందినే ఎంచుకోండి. ఆవిడ తోటి ముసలమ్మలకు పేరు లేదని బాధ కలగొచ్చు, వాళ్ల పేర్లతో రెండో సెట్ వేయొచ్చు.

అవును, ఒకే నియోజకవర్గానికి ఒక అభ్యర్థి నాలుగు సెట్ల దాకా వేయొచ్చు. డిపాజిట్ ఒక్కసారే కడతారు. కనీసం రెండు సెట్లు, వేర్వేరు ప్రతిపాదకులతో వేయండి. ఒకటి పోయినా ఒకటి నిలుస్తుంది. పెద్ద పార్టీల వాళ్లందరూ చేసేది అదే.

నామినేషన్ ఫారం 2బి, దానితో పాటు ఫారం 26 అఫిడవిట్. కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు, ఆదాయం అన్నీ ఇందులోనే. నోటరీ ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. ఒక్క గడి కూడా ఖాళీగా వదలొద్దు. 2013లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ఖాళీలుంటే ఆర్వో నింపమని గుర్తుచేయాలి, అప్పటికీ నింపకపోతే నామినేషన్ తిరస్కరించొచ్చు. అడ్డగీత కూడా గీయకండి. ‘లేదు’ అనో ‘వర్తించదు’ అనో రాయండి. షేర్లు: లేవు. వాహనం: లేదు. వ్యవసాయ భూమి: ఉంటే సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు.

మీ అమ్మమ్మ అఫిడవిట్ ఎలా ఉంటుందో ఊహించి చెప్తాను. చేతిలో నగదు ఎంత, బ్యాంకులో ఎంత, పోస్టాఫీసులో ఎంత. పుస్తెలతాడు, కమ్మలు కలిపి ఎన్ని తులాలు, ఇవాళ్టి ధర ప్రకారం ఎంత. ఇందిరమ్మ ఇల్లు ఆవిడ పేరు మీద ఉంటే ఎన్ని గజాలు, ఇప్పటి విలువ. అప్పుల కింద సంఘం లోను, బ్యాంకు లోను, చేబదులు. సంఘం లోను అప్పు కాదనుకుని వదిలేస్తారు, అది కచ్చితంగా రాయాలి. తాతయ్య ఉంటే ఆయనవి వేరే గడిలో. పాన్ కార్డు లేకపోతే లేదని రాయొచ్చు, కానీ ఈలోపు తీసుకోవడమే మేలు. ఇంట్లో గిన్నెలు, గ్రైండరు, టీవీ కూడా రాయాలా అని అడుగుతారు. అక్కర్లేదు. ప్రతి చిన్న వస్తువూ చెప్పాల్సిన పని లేదని, ఖరీదైనవో, అభ్యర్థి జీవన విధానాన్ని తెలిపేవో అయితేనే చెప్పాలని 2024 ఏప్రిల్‌లో అరుణాచల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గత పదేళ్లలో ప్రభుత్వ క్వార్టర్‌లో ఉన్నారా, దాని అద్దె, కరెంటు, నీళ్లు, ఫోన్ బాకీలు ఉన్నాయా అనే ప్రశ్న కూడా ఉంటుంది. ఎప్పుడూ ఉండకపోతే ఆ ముక్కే రాయండి.

పేరు తేడాలకు టెన్షన్ పడొద్దు. ఓటరు జాబితాలో లక్ష్మి, ఆధార్‌లో లక్ష్మీబాయి, ఊళ్లో లస్మవ్వ. ఇది ప్రతి ఇంట్లో ఉండేదే. మనిషి ఎవరో తెలిసేటప్పుడు చిన్న అక్షర దోషాలతో నామినేషన్ కొట్టేయకూడదని చట్టంలోనే ఉంది. నామినేషన్ మాత్రం ఓటరు జాబితాలో ఉన్న పేరుతోనే వేయండి.

అందరూ మరిచిపోయేది ప్రమాణం. నామినేషన్ వేశాక, పరిశీలన రోజుకు ముందే, ఆర్వో దగ్గర రాజ్యాంగానికి విధేయత ప్రకటిస్తూ ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. పరిశీలన రోజు పొద్దున వచ్చి చేస్తానంటే కుదరదు. నామినేషన్ ఇచ్చిన వెంటనే అక్కడే నిలబడి చేసేయండి, అధికారి మరిచిపోయినా మీరు అడగండి. ప్రమాణం చేసినట్టు, పత్రాలు అందినట్టు రసీదులు తీసుకోండి. ఏ పత్రం తక్కువైందో టిక్కులు పెట్టిన చెక్‌లిస్టు కూడా ఇస్తారు, అది మీ ఆస్తి.

డబ్బు. డిపాజిట్ అసెంబ్లీకి 10,000 రూపాయలు. ఎస్సీ, ఎస్టీలకు 5,000, జనరల్ సీటులో పోటీ చేసినా అంతే, కులధ్రువీకరణ పత్రం జతచేస్తే చాలు. బీసీలకు తగ్గింపు లేదు. మీరు పద్మశాలీలమని రాశారు, పూర్తిగా పదివేలూ కట్టాల్సిందే. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు కంటే ఎక్కువ వస్తేనే అది తిరిగొస్తుంది. లక్షా యాభై వేల ఓట్లు పోలైతే 25,000 దాటాలి. నోటా ఓట్లు ఇందులో కలపరు. 2023లో కొల్లాపూర్‌లో బర్రెలక్కగా పేరుపడ్డ శిరీష గురించి దేశమంతా మాట్లాడుకుంది. వచ్చినవి 5,700 పైచిలుకు ఓట్లు. కాబట్టి ఆ పదివేలూ పోయినట్టే అనుకుని బయల్దేరండి.

నామినేషన్ వేయడానికి కనీసం ఒక రోజు ముందు ఎన్నికల ఖర్చుకోసమే కొత్త బ్యాంకు ఖాతా తెరవాలి. పెన్షన్ పడే పాత ఖాతా పనికిరాదు. అభ్యర్థి ఒక్కరి పేరుతోగానీ, అభ్యర్థి తరఫున పనులు చూసే ఎన్నికల ఏజెంటుతో కలిపిగానీ ఉండొచ్చు. ఏజెంటు కాని కొడుకుతోనో కూతురితోనో జాయింట్ ఖాతా వద్దు. ఒక మనిషికో షాపుకో మొత్తం ఎన్నికల్లో కలిపి 10,000 మించి నగదు ఇవ్వకూడదు, ఒకరి దగ్గర అంతకు మించి నగదు చందా తీసుకోకూడదు. ఖర్చు పరిమితి 40 లక్షలు. మీకది ఎలాగూ అందని మొత్తం, పరిమితి గురించి బెంగ అక్కర్లేదు, లెక్క గురించే బెంగ పడాలి. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

నామినేషన్ వేసిన రాత్రి నుంచి మీ ఇంటికి చుట్టాలు పెరుగుతారు. డిపాజిట్ మేం కడతాం అంటారు. ప్రచారం కార్లకు పర్మిషన్లు మీ పేరు మీద తీసుకుందాం అంటారు. ఇండిపెండెంట్ పేరుతో వాహనాల పర్మిషన్, ఏజెంట్ల పాసులు తీసుకుని వాటిలో పెద్ద పార్టీ వాళ్లు తిరగడం పాత విద్యే. దొరికితే ఆ ఖర్చు ఎవరిదో తేల్చుకునేదాకా తిరగాల్సింది మీ అమ్మమ్మ. ఇంకొందరు ఫలానావాళ్ల ఓట్లు చీల్చడానికి నిలబడమంటారు, ఇంకొందరు విత్‌డ్రా చేసుకోమని బేరం పెడతారు. ఉపసంహరణ నోటీసును అభ్యర్థే కాదు, అభ్యర్థి రాసిచ్చిన అధికారంతో ప్రతిపాదకుడో ఎన్నికల ఏజెంటో కూడా ఇవ్వొచ్చు. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం లేదు. అర్థమైంది కదా, ఎవరు ఎంత మంచిగా అడిగినా ఖాళీ కాగితం మీద ఆవిడ సంతకం పెట్టకూడదు. ఏజెంటుగా మీరే ఉండండి. బీడీ కార్ఖానాలో టేకేదార్ ముందు తన కట్టల లెక్క తాను కట్టుకున్న మనిషి, ఆవిడను మోసం చేయడం అంత తేలిక కాదనుకుంటాను.

గుర్తు సంగతి క్లుప్తంగా. ఎన్నికల సంఘం ఇచ్చే స్వేచ్ఛా గుర్తుల (ఏ పార్టీకీ కేటాయించనివి) జాబితా నుంచి మూడు ప్రాధాన్యక్రమంలో రాయాలి. ఒకే గుర్తు ఇద్దరు ఇండిపెండెంట్లు అడిగితే లాటరీ. నామినేషన్ ఫారంలోనే రాయాలి, తర్వాత కాదు. దూరం నుంచి చూసినా గుర్తుపట్టేది, నోటితో చెప్పగలిగేది ఎంచుకోండి. ఇంకో పార్టీ గుర్తులా కనిపించేది కోరుకుంటే నాలుగు ఓట్లు పొరపాటున పడతాయేమో, గొడవ మాత్రం ఖాయం. 2022 మునుగోడు ఉప ఎన్నికలో కారు గుర్తును పోలి ఉందన్న రోడ్డు రోలర్ గుర్తు రగడలో ఏకంగా రిటర్నింగ్ అధికారినే మార్చారు. ఈవీఎం మీద గుర్తింపు పొందిన పార్టీలవాళ్లు పైన, రిజిస్టరైన చిన్న పార్టీలు మధ్యలో, ఇండిపెండెంట్లు కింద, ఒక్కో వర్గంలో తెలుగు అక్షర క్రమంలో. ఫోటో ఉంటుంది కాబట్టి మూడు నెలల లోపు తీసిన మంచి ఫోటో ఇవ్వండి. పెళ్లి ఆల్బమ్‌లోంచి కత్తిరించింది వద్దు.

ఇప్పుడు ఓట్ల సంగతి. మీరు అడగలేదు గానీ, అమ్మమ్మను ఒక మాట అడగండి: గెలవడానికా, వినపడటానికా? రెండూ గౌరవమైనవే, దారులు మాత్రం వేరు.

వినపడటానికే అయితే మీ జిల్లాలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 2019లో పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది నిజామాబాద్ లోక్‌సభకు నిలబడ్డారు. మొత్తం 185 మంది అభ్యర్థులు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పరిచారు. ఆ రైతుల్లో ఎవరూ గెలవలేదు, కానీ ఆ ఎన్నిక పసుపు ఎన్నికగానే జరిగింది. 2025 జనవరిలో పసుపు బోర్డు వచ్చింది. ఆ నామినేషన్ల వల్లే వచ్చిందనను, వాటి ప్రమేయం లేకుండా వచ్చిందని కూడా అనను. ఒక్కరే నిలబడితే ఆ చప్పుడు రాదు. బీడీ కూలి గురించో, పీఎఫ్ గురించో మాట్లాడాలంటే చుట్టుపక్కల నియోజకవర్గాల్లో కూడా ఒక్కో బీడీ కార్మికురాలు నిలబడితే పేపరువాళ్లు వస్తారు.

ఒంటరిగా, పట్టుదలతో నిలబడేవాళ్లూ ఉన్నారు. రాజస్థాన్ కరణ్‌పూర్‌లో తీతర్ సింగ్ అనే ఉపాధి హామీ కూలీ 1970ల నుంచి పోటీ చేస్తూనే ఉన్నాడు. 2023లో 78 ఏళ్ల వయసులో, మనవలకు కూడా పెళ్లిళ్లయ్యాక మళ్లీ నామినేషన్ వేశాడు. భూమిలేనివాళ్లకు భూమి కావాలని ఆయన మొదలుపెట్టిన పోరు. 2018లో వచ్చినవి 653 ఓట్లు. ఆయన్ను చూసి నవ్వలేం, కానీ మీ అమ్మమ్మ ఆ దారిలో పోవాలని నేను కోరుకోను.

గెలవడానికే అయితే ఇండిపెండెంట్‌గా నేరుగా అసెంబ్లీకి వద్దు. కష్టజీవులు గెలిచిన చోటల్లా వెనక ఒక సంఘం, ఏళ్ల తరబడి పని ఉన్నాయి. ఇల్లెందులో గుమ్మడి నర్సయ్య 1983 నుంచి 2004 మధ్య ఐదుసార్లు గెలిచారు. సైకిల్ మీద, బస్సులో తిరిగిన ఎమ్మెల్యేగా ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన ఎన్నికల్లో దిగేనాటికే ఆ అడవి పల్లెల్లో పార్టీ, రైతుకూలీ సంఘం పాతుకుపోయి ఉన్నాయి. మీకు ఇంకా దగ్గరి ఉదాహరణ షోలాపూర్‌ది. మన పద్మశాలీలు వలసపోయి మగ్గాలు, బీడీలు పట్టుకున్న ఊరు. అక్కడ ఆడం నర్సయ్య మాస్టర్ సీపీఎం తరఫున మూడుసార్లు ఎమ్మెల్యే అయ్యారు. బీడీ చేసే ఆడవాళ్లకు వేల ఇళ్లు కట్టించే దాకా వదల్లేదు. దాదాపు 80 ఏళ్ల వయసులో, 2024లో మళ్లీ నిలబడి ఓడిపోయారు. ఇళ్లు కట్టించినా ఓట్లు పడని రోజులు ఉంటాయి.

అందుకని నా సలహా: ముందు స్థానిక ఎన్నికలు. ఎంపీటీసీ, జడ్పీటీసీ, మున్సిపల్ వార్డు. అక్కడ సగం సీట్లు ఆడవాళ్లవే. ఓటర్లు తక్కువ, నడిచి తిరగొచ్చు, ముఖం చూసి ఓటేస్తారు. ఇద్దరు పిల్లల నిబంధన గురించి మాత్రం ఆ నోటిఫికేషన్ వచ్చినప్పుడు చదివి చూసుకోవాలి, ఆవిడ పిల్లలంతా 1995కు ముందే పుట్టి ఉంటే అసలు ప్రశ్నే లేదు. ఒకసారి గెలిస్తే, లేదా మంచి ఓట్లతో ఓడితే, పార్టీల వాళ్లే ఇంటికొస్తారు. అసెంబ్లీల్లో మూడో వంతు సీట్లు మహిళలకిచ్చే సవరణ 2023లో జరిగింది, జనగణన, పునర్విభజన తర్వాత అమలు కావాలి. అది వచ్చిన రోజు ప్రతి పార్టీకి ఆడ అభ్యర్థులు కావాలి. భార్యలను, కోడళ్లను నిలబెట్టడానికి ఇప్పటి నుంచే చాలామంది సిద్ధమవుతుంటారు, పనిచేసిన ఆడమనిషి పేరు ఊళ్లో నిలిచి ఉంటే కాదనడం వాళ్లకు కష్టమవుతుంది. మామూలుగా జరిగితే తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలు 2028 చివర్లో. టైముంది.

ఇక ముందు వదిలేసిన లెక్క. నామినేషన్ రోజున ఆర్వో ఆఫీసులో ఒక రిజిస్టర్ ఇస్తారు. తెల్ల పేజీల్లో రోజువారీ ఖర్చు, గులాబీ పేజీల్లో నగదు, పసుపు పేజీల్లో బ్యాంకు. ఆటోకు ఇచ్చింది, మైకు అద్దె, టీ, కరపత్రాలు, అన్నీ ఏ రోజుకారోజు రాసి బిల్లు దాచాలి. ఎవరైనా ఊరికే ఆటో ఇచ్చినా దాని విలువ రాయాలి. ప్రచారంలో కనీసం మూడుసార్లు వ్యయ పరిశీలకులకు చూపించాలి. వాళ్ల దగ్గర మీ ఖర్చును విడిగా రాసుకునే నీడ రిజిస్టర్ ఉంటుంది, కుర్చీకి, టెంటుకు, టీకి జిల్లా రేట్ల పట్టీ ఉంటుంది. మీ లెక్క దానితో సరిపోవాలి.

ఫలితం వచ్చిన 30 రోజుల్లో పూర్తి లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఓడినవాళ్లకూ ఇది తప్పనిసరి. డిపాజిట్ పోయింది, ఇంకేం లెక్క అని ఇంట్లో కూర్చున్న ఇండిపెండెంట్లకు కొన్నాళ్లకు నోటీసు వస్తుంది. సరైన కారణం చూపకపోతే మూడేళ్లు ఎక్కడా పోటీ చేయకుండా అనర్హత. ఒక్క రూపాయి ఖర్చు కాకపోయినా ‘ఖర్చు లేదు’ అని లెక్క ఇవ్వాల్సిందే. ఇచ్చినట్టు రసీదు తీసుకుని, పెన్షన్ పుస్తకం పెట్టే పెట్టెలోనే పెట్టండి.

ఇప్పటికిప్పుడు చేయాల్సింది: ఓటరు జాబితాలో అమ్మమ్మ పేరు, వయసు, ఇంటి నంబరు ఎలా పడ్డాయో చూడండి, తప్పుంటే ఫారం 8 పెట్టండి. పాన్ కార్డుకు దరఖాస్తు చేయండి. రెండు కేసుల కాగితాలు తెప్పించండి, వాటిలో ఉన్న సెక్షన్లు ఇక్కడ రాస్తే అఫిడవిట్‌లో ఎలా చూపాలో చెప్తాను. పేర్లు, కేసు నంబర్లు మాత్రం బయట పెట్టకండి.